ఇంధన ఘటంలోనూ శివారు భూములున్నాయి

మా మండపేట ప్రాంతంలో పైన వరి, కింద గ్యాసు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సహజవాయువు నిలవ వున్న ఒక రాతిపొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు మా ఊరిపేరే పెట్టి ‘మండపేట ఇసుకరాయి’ అన్నారు. ఆ వాయువును మండించి, టర్బైను తిప్పి కరెంటు తీయడం అందరికీ తెలిసిన పద్ధతి. మండించకుండా నేరుగా కరెంటు తీసే సాధనమే ఘన ఆక్సైడు ఇంధన ఘటం. 1937లో బౌర్, ప్రైస్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని మొదట నడిపి చూపారు.

దీని నిర్మాణం తేలికే. మధ్యన ఇట్రియా కలిపిన జిర్కోనియా పింగాణీ పొర. సుమారు 800 డిగ్రీల వేడిలో గాలిలోని ఆక్సిజన్ అయానుగా మారి ఆ పొరను దాటుతుంది. అవతల నికెల్ కలిసిన ఆనోడు దగ్గర హైడ్రోజన్‌తో కలిసి నీటావిరి అవుతుంది. విడిపోయిన ఎలక్ట్రాన్లు బయటి తీగలో ప్రవహిస్తే అదే కరెంటు.

మరి హైడ్రోజన్ ఎక్కడిది? మీథేన్‌కు నీటావిరి కలిపితే ఆ నికెల్ మీదే పుడుతుంది. దీన్నే రిఫార్మింగ్ అంటారు. కాకినాడలో 1990లలో మొదలైన నాగార్జున ఎరువుల కర్మాగారం అమ్మోనియా కోసం చేసిందీ ఈ చర్యే.

ఇక లెక్క చూద్దాం. ఒక మోలు మీథేన్ పూర్తిగా మారితే 4 మోల్ల హైడ్రోజన్ వస్తుంది. అందుకు 165 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిస్తే సుమారు 968 కిలోజౌళ్లు వస్తాయి. సగం కరెంటుగా పోయినా 484 మిగులు. అంటే వేడికి కొదవ లేదు.

కాని చిక్కంతా చోటులో వుంది. మా చేను కాలువ శివారున వుంది గనుక నాకిది వేరే చెప్పనక్కర్లేదు. కాలువ నిండా నీళ్లున్నా శివారుకు అందుతాయన్న నమ్మకం లేదు గదా! ఘటంలోనూ అంతే. రిఫార్మింగ్ చాలా వేగమైన చర్య. వాయువు లోపలికి రాగానే మొదట్లోనే వేడినంతా లాగేస్తుంది. అక్కడ చల్లబడుతుంది, చివర కాగిపోతుంది. ఆ తేడాకు పింగాణీ పగులుతుంది. చివరకు వచ్చేసరికి హైడ్రోజన్ తరిగి, వోల్టేజి పడిపోతుంది.

అందుకే గణిత నమూనా అవసరం. వాయువు నడిచే దారిని వంద ముక్కలుగా ఊహించి, ప్రతి ముక్కకూ ‘వచ్చింది, పోయింది, పుట్టింది, ఖర్చయింది’ అని జమాఖర్చు రాయాలి. ప్రతి వాయువుకూ ఒకటి, వేడికి ఒకటి. ఆనోడు సన్నని రంధ్రాలలో హైడ్రోజన్ లోపలికి, నీటావిరి బయటికి ఒకే దారిన ఎదురెదురుగా నడవాలి గనుక ఆ వ్యాపనాన్నీ కలపాలి. నీటావిరి తక్కువైతే నికెల్ మీద మసి పేరుకుంటుంది, అదీ చూడాలి.

ఈ లెక్కలే మందు కూడా చెబుతాయి: కొంత మీథేన్‌ను బయటే రిఫార్మ్ చేసి పంపడం, మొదట్లో చర్య వేగాన్ని తగ్గించడం, చివరి ఆవిరిని మళ్లీ మొదటికి తిప్పడం.

మిత్రులారా! క్లాసులో మనం బట్టీ పట్టే అవకలన సమీకరణాలు ఇవే. మన నేల కింది గ్యాసు తరిగేదే గాని పెరిగేది కాదు. దానిలో ప్రతి మోలుకూ లెక్క చెప్పగలిగే చదువు మన కాలేజీల్లోనే మొదలవ్వాలని నా కోరిక.