మానవశాస్త్రం - తొలి పాఠం

మానవుని పుట్టుకను, సంస్కృతిని, సంఘజీవనాన్ని సమగ్రంగా పరిశీలించేది మానవశాస్త్రం. దీనిని బోధించే డిగ్రీ కళాశాలలు అరుదు. అందుచేత జనగామ జిల్లాలోని బచ్చన్నపేట వంటి ఊళ్ళ విద్యార్థులు ఇది తమకు అందని చదువని భావించవచ్చు. ఆ భావన సరికాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా ఉన్న శ్యామాచరణ్ దూబే హైదరాబాదుకు సమీపంలోని శామీర్‌పేట గ్రామాన్ని పరిశోధించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే గ్రంథాన్ని వెలువరించారు. వ్యవసాయం, కులవృత్తులు, పండుగలు, కుటుంబ సంబంధాలు అందులోని విషయాలు. బచ్చన్నపేట విద్యార్థికి ఇవి నిత్యానుభవాలే.

స్థానిక కళాశాలలో చరిత్రను, సమాజశాస్త్రాన్ని అభ్యసిస్తూ, పెద్దల మాటలను, ఒగ్గుకథలను విని రాసిపెట్టుకున్న విద్యార్థికి, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని మానవశాస్త్ర విభాగంలో అడుగుపెట్టే నాటికే పరిశోధకుని చూపు అలవడి ఉంటుంది. స్వగ్రామాన్ని శ్రద్ధతో గమనించడమే ఈ శాస్త్రానికి తొలి పాఠం.