పట్టు సడలితేనే ఊపు – సాఫ్ట్‌బాల్ బ్యాటింగ్ పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, సాఫ్ట్‌బాల్ జట్టు వాళ్లమంతా కూర్చొని ఆలోచించాం. కథలు, కవితలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మాకు తెలిసింది మైదానం ఒక్కటే. కాబట్టి రెండేళ్లుగా తప్పులు చేస్తూ నేర్చుకున్న బ్యాటింగ్ పాఠాన్ని రాస్తున్నాం. మేము చేసిన తప్పులే మీరు మళ్లీ చేయకూడదన్నది మా కోరిక.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మేము మొదటిసారి జోనల్ పోటీలకు వెళ్లినప్పుడు ఎదుటి జట్టు కుర్రాడొకడు మా వాళ్లను చూసి, "హాస్టల్ తిండి తినేవాళ్లు బంతిని ఎంత దూరం కొడతార్రా!" అని నవ్వాడు. ఆ రోజు మేము చిత్తుగా ఓడిపోయాం. తిరుగు బస్సులో ఎవరం మాట్లాడలేదు. నిజంగా మనకు బలం లేదేమో అనుకున్నాం. అది తప్పని తర్వాత తెలిసింది. లోపం మా కండల్లో లేదు, మేము బ్యాటు పట్టుకున్న తీరులో ఉంది.

ఆట గురించి నాలుగు మాటలు

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని చికాగో నగరంలో పుట్టింది. ఒక బోటు క్లబ్బులో కూర్చున్న కొందరు కుర్రాళ్లు బాక్సింగ్ గ్లౌవును తాడుతో బంతిలా కట్టి, చీపురు కర్రతో కొట్టి ఆడారు. జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన దాన్ని ఆటగా మలిచాడు. అంటే ఈ ఆట పుట్టినప్పుడే సరైన సామాను లేదు. మనకు కిట్టు లేదని సిగ్గుపడనక్కర్లేదు.

ఇందులో రెండు రకాలు ముఖ్యం. ఒకటి ఫాస్ట్‌పిచ్. మన స్కూల్ గేమ్స్ పోటీల్లో ఆడేది ఇదే. వేగంగా వేసే పిచ్చర్ చేతి నుంచి బంతి అర సెకను లోపే మన ముందుకు వచ్చేస్తుంది. రెండోది స్లోపిచ్. అమెరికాలో పార్కుల్లో, ఆఫీసు జట్లలో ఎక్కువగా ఆడతారు. ఇందులో బంతిని కింది చేత్తో మెల్లగా, ఎత్తుగా విల్లులా వంపు తిరిగేలా వేయాలి. అక్కడి యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ నిబంధనల ప్రకారం ఆ వంపు నేల నుంచి 6 అడుగులకు తగ్గకూడదు, 10 అడుగులు మించకూడదు. పిచ్చర్ 50 అడుగుల దూరం నుంచి వేస్తాడు. జట్టుకు పదిమంది. బంతిని మెల్లగా తాకించి వదిలే బంట్ కొడితే బ్యాటర్ అవుటే. పూర్తిగా ఊపి కొట్టాల్సిందే.

మా పి.ఇ.టి. సారు సాయంత్రం సాధన స్లోపిచ్ పద్ధతిలోనే చేయించేవారు. "మెల్లగా వచ్చే బంతికి నీ తప్పు నీకే కనబడుతుంది. వేగం బంతికి తప్పు కూడా వేగంగా దాటిపోతుంది" అనేవారు. ఈ పాఠమంతా ఆ సాధనలో నేర్చుకున్నదే.

1. బ్యాటు ఎంపిక

బ్యాటు పొడవు 34 అంగుళాలు మించకూడదు. లావు రెండుంపావు అంగుళాలు మించకూడదు. బరువు బ్యాటు తీసుకుంటే బంతి దూరం పోతుందని మొదట్లో మేమూ అనుకున్నాం. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం గుర్తు తెచ్చుకోండి. గతిశక్తి అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. బ్యాటు బరువు రెట్టింపయితే శక్తి రెట్టింపే అవుతుంది. వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. కాబట్టి మీరు వేగంగా ఊపగలిగిన బ్యాటే మీకు మంచి బ్యాటు.

ఒక పరీక్ష ఉంది. బ్యాటును ఒక చేత్తో పక్కకు చాచి, ఇరవై అంకెలు లెక్కపెట్టండి. ఈలోగా చేయి వణికి కిందికి జారితే అది మీకు బరువు ఎక్కువ. అప్పుడు చేతులు రెండంగుళాలు పైకి జరిపి పట్టుకోండి. అందరికీ ఒకే బ్యాటు ఉన్న మనలాంటి చోట ఇదే ఉపాయం.

పిడికి చుట్టిన గ్రిప్ చిరిగితే వెంటనే మార్చాలి. నున్నటి ప్లాస్టిక్ టేపు చుట్టకూడదు. చెమట పడితే బ్యాటు జారి ఎదుటివాడి మొహానికి తగులుతుంది.

2. పట్టు

కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చేయి కింద, అంటే పిడి చివరి గుండుకు ఆనుకొని ఉండాలి. కుడి చేయి దాని పైన, మధ్యలో సందు లేకుండా ఉండాలి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది తిరగబడుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. బ్యాటును అరచేతి మధ్యలో పెట్టి పిడికిలి బిగించకూడదు. వేళ్ల మొదళ్ల దగ్గర ఉంచి వేళ్లతో చుట్టాలి. తలుపు తట్టేటప్పుడు చెక్కకు తగిలే వేళ్ల కణుపులు ఉంటాయి కదా, రెండు చేతులవీ దాదాపు ఒకే వరుసలోకి రావాలి. తడి దుప్పటి పిండేటప్పుడు చేతులు ఎలా ఉంటాయో ఒకసారి చూసుకోండి, అర్థమవుతుంది.

ఎంత బిగువుగా పట్టుకోవాలి? కోడిపిల్లను పట్టుకున్నంత. పారిపోకూడదు, నలిగిపోకూడదు. కట్టెలు కొట్టే వాళ్లను గమనించండి. గొడ్డలి పైకి ఎత్తేటప్పుడు వాళ్ల చేతులు వదులుగానే ఉంటాయి. దెబ్బ పడే క్షణానికి వాటంతట అవే బిగుసుకుంటాయి. మొదటి నుంచీ గునపంలా బిగించి పట్టుకుంటే మణికట్టు, మోచేయి, భుజం అన్నీ కర్రలా బిగుసుకుపోతాయి. ఊపు రాదు. పైగా చేతులు బొబ్బలెక్కుతాయి.

3. నిలబడే తీరు

పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. మోకాళ్లు కాస్త వంచాలి. బరువు మడమల మీద కాక పాదాల ముందు భాగం మీద ఉండాలి. బ్యాటు చాచి చూస్తే దాని కొన హోమ్ ప్లేటు అవతలి అంచును అందుకోవాలి. చేతులు వెనక భుజం దగ్గర ఉంచి, రెండు కళ్లతోనూ పిచ్చర్‌ను చూడాలి. గడ్డం ముందు భుజం మీదికి తిరిగితే చాలు.

4. ఊపు – అయిదు మెట్లు

ఇది కుడిచేతి వాటం వాళ్లకు రాస్తున్నాం.

మొదటి మెట్టు: బంతి పైకి లేస్తుండగా శరీరం బరువును కుడికాలి మీదికి తీసుకోవాలి. 

రెండో మెట్టు: బంతి వంపులో అన్నిటికన్నా ఎత్తైన చోటు దాటి కిందికి దిగుతుండగా ఎడమ పాదాన్ని జానెడు ముందుకు, మెత్తగా వేయాలి. బరువు ఇంకా వెనకే ఉండాలి.

మూడో మెట్టు: నడుము తిరగాలి. కుడి మడమ లేచి, పాదం ముని భాగం మీద తిరగాలి. బొడ్డు పిచ్చర్ వైపు చూడాలి. బలమంతా ఇక్కడే పుడుతుంది. చేతులు దాన్ని మోసుకెళ్తాయి, అంతే. 

నాలుగో మెట్టు: కుడి మోచేయి డొక్కకు దగ్గరగా రావాలి. ముందు పిడి బంతి వైపు కదలాలి, బ్యాటు లావు భాగం దాని వెనకాల రావాలి. చేల దగ్గర పిట్టలను తోలే వడిసెల గుర్తుందా? చేయి తిరిగేది కొంచెమే, రాయి మాత్రం రయ్యిన పోతుంది. అదే సూత్రం.

అయిదో మెట్టు: బంతిని ఎడమ పాదానికి కాస్త ముందే కలవాలి. ఆ క్షణంలో కుడి అరచేయి ఆకాశం వైపు, ఎడమ అరచేయి నేల వైపు ఉండాలి. పైనుంచి దిగే బంతికి ఎదురుగా బ్యాటు కొద్దిగా పైకి వెళ్లాలి. గొడ్డలి వేటులా పైనుంచి కిందికి కొడితే బంతి నేలకు పొర్లుతుంది. మరీ కిందినుంచి ఎత్తితే నిలువుగా లేచి క్యాచ్ అవుతుంది. బంతి తగిలాక ఆపకుండా బ్యాటును ఎడమ భుజం మీదుగా పోనివ్వాలి.

5. మేము చేసిన తప్పులు

తొందర: పది అడుగుల ఎత్తు లేచే బంతి మన దాకా రావడానికి సెకనుకు పైనే పడుతుంది. ఆగలేక ముందే ఊపేసి, మిగిలిన బలమంతా ముందుకాలి మీద వదిలేసేవాళ్లం. 

తల లేపడం: కొట్టకముందే బంతి ఎక్కడికి పోయిందా అని చూసేవాళ్లం. గడ్డం ముందు భుజం దగ్గర మొదలై, ఊపు పూర్తయ్యేసరికి వెనక భుజం దగ్గరికి రావాలి. తల మాత్రం కదలకూడదు.

క్రికెట్ అలవాట్లు: వెనక్కి మెల్లగా నెట్టి పరుగు తీద్దామనుకుంటే ఇక్కడ అది ఫౌల్. ముందున్న రెండు గీతల మధ్యే కొట్టాలి. మావాడొకడు మంచి దెబ్బ కొట్టి, బ్యాటు చంకలో పెట్టుకొని మొదటి బేస్ దాకా పరిగెత్తాడు. మైదానమంతా నవ్వింది. బ్యాటును విసరకూడదు, మోసుకుపోకూడదు, పక్కన వదిలేసి పరిగెత్తాలి.

6. ఖర్చు లేని సాధన

గోడ సాధన: బ్యాటు పిడి బొడ్డుకు ఆనించి, కొన గోడకు తగిలేంత దూరంలో గోడకు ఎదురుగా నిలబడండి. బ్యాటు గోడకు తగలకుండా మెల్లగా ఊపండి. చేతులు బారచాపే అలవాటు పోతుంది.

మేజోళ్ల బంతి: పాత మేజోళ్లు ఉండలా చుట్టి దారంతో కుట్టండి. మిత్రుడు పక్కగా మోకాలి మీద కూర్చొని మెల్లగా ఎగరేస్తే కొట్టండి. అద్దాలు పగలవు, వార్డెన్ సారు కోప్పడరు.

ఇసుక బకెట్టు: బకెట్టులో ఇసుక నింపి నడుమెత్తు ప్లాస్టిక్ గొట్టం నిలపండి. దాని మీద బంతి పెట్టి కొట్టండి. రోజుకు ముప్ఫై దెబ్బలు చాలు. ఒళ్లు అలిసిపోయాక కొట్టే నూరు దెబ్బలు తప్పునే అలవాటు చేస్తాయి.

ఒకరు ఊపుతున్నప్పుడు మిగిలినవాళ్లు దూరంగా ఉండాలి. మైదానంలో అసలు బంతితో ఆడేటప్పుడు హెల్మెట్ తప్పనిసరి.

అగ్గిపుల్ల సంగతి

ఎనిమిదో తరగతి తమ్ముడొకణ్ణి అందరం అగ్గిపుల్ల అని పిలిచేవాళ్లం. అంత సన్నం. చేతులు బొబ్బలెక్కేలా కొట్టినా బంతి పిచ్చర్‌ను దాటేది కాదు. ఒకరోజు బ్యాటు కింద పెట్టి, "నాకు బలం లేదు సార్, మానేస్తాను" అని ఏడ్చాడు. పి.ఇ.టి. సారు ఏమీ అనలేదు. బ్యాటు మళ్లీ వాడి చేతికిచ్చి, బిగిసిన వేళ్లను ఒక్కొక్కటీ తానే వదులు చేశారు. "చేతులు మర్చిపో. నడుము తిప్పు" అన్నారు. ఆ రోజు ఏమీ జరగలేదు. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం వాడు కొట్టిన బంతి వేపచెట్టు దాటి వంటగది వెనక పడింది. వంట చేసే అక్క బయటికి వచ్చి, "ఎవర్రా కొట్టింది?" అంటే అందరం వాణ్ణి చూపించాం. ఆవిడ నమ్మలేదు.

మరుసటి ఏడాది జోనల్ పోటీల్లో వాడు రెండుసార్లు బంతిని ఔట్‌ఫీల్డ్‌లోకి కొట్టి బేస్ చేరాడు. మ్యాచ్ ఒక్క పరుగుతో ఓడిపోయాం. కానీ తిరుగు బస్సులో ఈసారి అందరం మాట్లాడుకున్నాం. హాస్టల్ తిండి గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు వాణ్ణి అగ్గిపుల్ల అని పిలిచినా వాడు నవ్వుతాడు.

తమ్ముళ్లూ, బలం లేదని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. ముందు మీ పట్టు చూసుకోండి. పరీక్ష హాలులో పెన్ను బిగించి పట్టుకుంటే చేయి నొప్పి పుట్టి రాత ఆగిపోయినట్టే, భయంతో బిగుసుకుంటే ఏ పనిలోనూ ఊపు రాదు.

అన్నలకు ఒక మనవి. మా పద్నాలుగు మందికి ఉన్నది ఒకటే బ్యాటు. మీ ఇళ్లలో వాడని బ్యాటు, గ్లౌవు, హెల్మెట్ ఉంటే, పాతదైనా సరే, వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తీసుకురండి. ఆదివారం ఉదయం టిఫిను తర్వాత మేమంతా మైదానంలోనే ఉంటాం. మీరూ వచ్చి ఒక దెబ్బ కొట్టి వెళ్లండి.

– సాఫ్ట్‌బాల్ జట్టు విద్యార్థులు