పికప్ బండిపై మా మొదటి దూరప్రయాణము

విద్యార్థులారా! యంత్రములను గూర్చిన జ్ఞానము పుస్తకములవలన కొంతయు, అనుభవమువలన కొంతయు లభించును. ఈ రెండింటిలో అనుభవము నేర్పు పాఠమునకు వెల హెచ్చు. మేము గడచిన వర్షాకాలమున నట్టి పాఠము నొకదానిని స్వల్పమైన వెలకే నేర్చుకొంటిమి. మఱియొకరు దానిని ఎక్కువ వెల యిచ్చి కొనకుండుటకై ఇచ్చట వ్రాయుచున్నాము.

మా తమ్ముడు పాడేరు ప్రాంతపు కొండపల్లెలలో సూర్యరశ్మిచే నడచు నీటి పంపులను బాగుచేయు పనిలో నున్నాడు. వానలు కురిసినప్పుడు మట్టిదారులపై మోటారు సైకిలుతో పనిముట్లను కొనిపోవుట దుర్ఘటము. కావున నతడు కొంత సొమ్ము కూడబెట్టియు, కొంత అప్పు చేసియు, నాలుగు చక్రములకును శక్తి నందించు పికప్ బండి నొకదానిని కొనెను. ఇట్టి బండ్లను ఇసుజు సంస్థవారు మన రాష్ట్రమందలి శ్రీసిటీలో 2016వ సంవత్సరమునుండి తయారుచేయుచున్నారు. మా బండి ఏ సంస్థవారిదైనను ఈ పాఠమునకు భేదము లేదు. ఇందు చెప్పబోవు తప్పులు బండివి కావు, మావి.

ముందుగా ఈ బండి యెట్టిదో తెలిసికొనవలెను. సాధారణమైన కారునకు పైడొప్పయు అడుగుభాగమును ఏకముగా నుండును. పికప్ బండికి అడుగున నిచ్చెనవంటి ఉక్కు చట్రము గలదు. దానిపై ముందు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుక సరకుల తొట్టియు బిగింపబడును. వెనుక ఇరుసుపై ఎడ్లబండికి లేని కమాను పట్టాలుండును. బరువు మోయుటకై చేయబడినవి గనుక, తొట్టి వట్టిదైనప్పుడు అవి బిగిసికొని చిన్న గతుకునకే బండిని ఎగురవేయును. రాళ్లు తగులకుండుటకై బండి నేలకు ఎత్తుగా నుండును. బురదను పట్టుకొనుటకై టైర్లకు లోతైన గాళ్లుండును. ఈ గుణములన్నియు కొండదారియందు మేలు చేయునవియే. కాని నున్ననైన రహదారిపై వేగముగా పోవునపుడు ఒక్కొక్క గుణమునకును కొంత వెల చెల్లింపవలసి యుండును. మేము నేర్చుకొన్న పాఠమునకు సారాంశ మిదియే.

మా యూరు కృష్ణ యొడ్డున నున్నది. ప్రయాణమునకు ముందునాటి సాయంకాలము మా తమ్ముడు బండి సత్తువ చూడగోరి దానిని ఏటి ఇసుకలోనికి దింపెను. ఇసుకలో దిగబడకుండుటకు టైర్లలో గాలి తగ్గింపవలెనని అతడు వినియుండెను. అది నిజమే. గాలి తగ్గినపుడు టైరు పఱచుకొని ఎక్కువ నేలను తాకును. అందుచే బరువు విస్తరించి చక్రము దిగబడదు. చదరపు అంగుళమునకు 35 పౌనులుండవలసిన గాలిని అతడు 18 పౌనులకు దించెను. బండి ఇసుకపై పడవవలె పోయెను. చూడవచ్చిన పిల్లలు కేకలు వేసిరి. మేమును సంతోషించితిమి. ఇంటికి వచ్చునప్పటికి చీకటి పడెను. గాలి మరల నింపవలెనను మాట అతనికిగాని మాకుగాని జ్ఞప్తికి రాలేదు.

మఱునాడు ఉదయము 5 గంటలకు బయలుదేఱితిమి. తమ్ముడు బండి నడపుచుండెను. మేము ప్రక్కను, మా తల్లిగారు వెనుక ఆసనముపైనను కూర్చుంటిమి. మువ్వురమును నడుమునకు పట్టీలు బిగించుకొంటిమి. అనకాపల్లివరకు సుమారు 320 కిలోమీటర్లు. ఈ దారి చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారి. పూర్వము దీనికి 5వ నంబరుండెను. 2010వ సంవత్సరమున నంబరులు మార్చినపుడు ఇది 16వ జాతీయ రహదారియైనది. స్వర్ణ చతుర్భుజియను గొప్ప రహదారుల కూర్పులో నిదియొక భుజము.

విజయవాడ దాటిన పిమ్మట బండి 90 కిలోమీటర్ల వేగము నందుకొనెను. అప్పటినుండి చక్రములవద్ద నొక మ్రోత వినవచ్చుచుండెను. స్టీరింగు బరువుగా నుండెను. బండి తిన్నగా పోక కొంచెము అటునిటు ఊగుచుండెను. మేమడుగగా తమ్ముడు, “అన్నయ్యా, ఈ టైర్లకు గాళ్లు లోతు. మ్రోత సహజము. క్రొత్తబండి గనుక నాకింకను చేయి కుదురలేదు” అనెను. వెనుకనుండి మా తల్లిగారు, “కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని పెద్దలనిరి. ఒకసారి ఆపి చూడరాదా, నాయనా?” అనిరి. మేము నవ్వి ఊరకుంటిమి. అప్పుడాపకుండుట మా రెండవ తప్పు.

ఏలూరు దాటి టీ దుకాణమువద్ద ఆగితిమి. ఏమి తోచియో మేము వెనుక టైరుపై చేయి వేసితిమి. కాలుచున్న పెనమువలె నుండెను. వెంటనే చేయి తీసికొంటిమి. అపుడుగాని ముందునాటి ఇసుక జ్ఞప్తికి రాలేదు. తమ్ముని మొగము వాడిపోయెను.

దుకాణము ప్రక్కనే పంచరు వేయు వృద్ధుడొకడుండెను. అతడు కొలపెట్టి చూచి, “22 ఉన్నది, బాబూ. ఇది వేడిమీది లెక్క. చల్లారిన పిమ్మట 18కి దిగును” అనెను. ఇప్పుడే నింపుమని తమ్ముడు తొందరపడెను. అతడంగీకరింపలేదు. “వేడి టైరులో నింపినయెడల లెక్క తప్పును. ముందు చల్లారనిండు. ప్రక్కగోడలు చూడవలెను” అని బల్లపై కూర్చుండుమనెను. మా విద్యార్థులకు చెప్పదగిన సంగతి నతడప్పుడు చేసి చూపెను. సన్నని ఇనుపతీగ నొకదానిని తీసికొని ఒకేచోట ఇటునటు వేగముగా వంచి మా చేతికిచ్చెను. వంచినచోట తీగ వేడెక్కి యుండెను. మరికొన్నిమారులు వంచగా తెగిపోయెను. “మీ టైరు ప్రక్కగోడయు ఇట్లే, బాబూ. గాలి చాలనప్పుడు ప్రతి చుట్టునందును వంగి లేచును” అనెను.

ఆ మాటను మేము లెక్కవేసి చూచితిమి. చక్రము ఒకసారి తిరిగినపుడు బండి సుమారు రెండున్నర మీటర్లు పోవుననుకొందము. 90 కిలోమీటర్ల వేగమున సెకనునకు 25 మీటర్లు. అనగా ప్రక్కగోడయందు ప్రతిచోటును సెకనునకు 10 మారులు వంగి లేచుచున్నది. గంటలో 36,000 మారులు! గాలి సరిగా నున్నయెడల ఈ వంపు స్వల్పము. గాలి సగమైనపుడు వంపు మిక్కుటమై, వేడిమి పుట్టి, రబ్బరును దానిలోని దారపు పొరలును విడిపోవును. పిమ్మట టైరు ఒక్కసారిగా పగులును. ఎత్తైన బండి అట్టి సమయమున దొరలిపోవుట సులభము. ఆ గంటసేపు మా తల్లిగారు వెనుక కూర్చుండి జపమాల త్రిప్పుకొనుచుండిరి. ఆ సంగతి తలచుకొన్నపుడు మాకు టీ గొంతు దిగలేదు.

ముప్పావుగంట గడచిన పిమ్మట ఆ వృద్ధుడు నాలుగు టైర్లను లోపలి వైపునను వెలుపలి వైపునను చేతితో తడవి చూచి, 35 పౌనులు నింపెను. ఎంత నింపవలెనో అంకె యెక్కడనుండునని మీరడుగవచ్చును. నడపువాని తలుపు తెఱచినయెడల చట్రముపై అతికించిన చీటిలో నది యుండును. ఒక్కొక్క బండికి ఒక్కొక్క అంకె. టైరుపై అచ్చువేసినది ఆ టైరు ఓర్చుకొనగల పెద్ద అంకెయే గాని నింపవలసిన అంకె కాదు. గాలిని టైరు చల్లగా నున్నప్పుడే కొలువవలెను. దారిలో వేడెక్కి మూడు నాలుగు పౌనులు హెచ్చినచో దానిని తీసివేయరాదు. రాజమహేంద్రవరమున టైర్లను విప్పించి లోపల చూపించుడని ఆ వృద్ధుడు హెచ్చరించెను. అచ్చటివరకు 60కి మించక పోయితిమి. అచ్చట విప్పి చూచినవారు పొరలకు చెఱుపు కలుగలేదనిరి. రెండు గంటలు ఆలస్యమైనను మనస్సు కుదుటబడెను.

ఈ నడుమ సిద్ధాంతమువద్ద వసిష్ఠ గోదావరిని, జొన్నాడవద్ద గౌతమిని దాటితిమి. వంతెనలపై ప్రక్కగాలి వీచి ఎత్తైన మా బండిని నెట్టుచుండెను. పెద్ద లారీ ప్రక్కనుండి పోవునపుడు గాలి ఒక్క క్షణమాగి, అది దాటగానే మరల కొట్టెను. అట్టి చోట రెండు చేతులతో స్టీరింగు పట్టుకొని, వేగము తగ్గించి, ఉలికిపడి త్రిప్పకుండుటయే ఉపాయము. గాలి ఎదురు నిలుచుట వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 80నుండి 100కి పోయినయెడల వేగము హెచ్చినది పాతికవంతే యైనను, గాలి ఎదురుబలము ఒకటిన్నర రెట్లకు మించును. వెడల్పైన నొసలుగల ఈ బండ్లకు డీసెలు ఖర్చు పెరుగుట కిదియొక కారణము.

అన్నవరము దాటి తుని సమీపించునప్పటికి వాన పట్టుకొనెను. తమ్ముడు నాలుగు చక్రములకు శక్తినిచ్చు మీటను త్రిప్పబోయెను. మేము వారించి, బండితో నిచ్చిన పుస్తకము తెఱచి చదివి వినిపించితిమి. బండి మలుపు తిరుగునపుడు ముందు చక్రములు పెద్ద వృత్తమునందును, వెనుక చక్రములు చిన్న వృత్తమునందును నడచును. మావంటి బండిలో ఆ మీట త్రిప్పినయెడల ముందు ఇరుసును వెనుక ఇరుసును ఒకే వేగమున తిరుగునట్లు బంధింపబడును. బురదలో చక్రము కొంచెము జాఱి ఆ భేదమును సరిచేసికొనును. ఆరిన గట్టిదారిపై జాఱుటకు వీలులేక యంత్రభాగములు మెలిపడును. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. నాలుగు చక్రముల శక్తి బండిని కదలించుటకే గాని ఆపుటకు కాదు. బ్రేకులు ఏ కారునకైనను నాలుగు చక్రములకు నుండును. కావున తడిదారిపై మీట త్రిప్పి ధైర్యము తెచ్చుకొనుటకంటె వేగము తగ్గించుట మేలు. తమ్ముడు మీట విడిచి వేగమును 60కి దించెను.

పది నిమిషములైనను గడువలేదు. వానతెరలో, మా అంచనాకు సుమారు 70 మీటర్ల దూరమున, దీపములు లేని లారీ యొకటి మా వరుసలోనే నిలిచి కనబడెను. తమ్ముడు బ్రేకు నొక్కెను. తొట్టి తేలికగా నుండుటచే బండి వెనుకభాగము కొంచెము ప్రక్కకు జాఱి మరల కుదురుకొనెను. లారీకి ఇంకను కొంత యెడముండగానే బండి నిలిచెను. లారీ వెనుక టైరు పగిలియుండెను. దానిని నడపువాడు వానలో తడియుచు, చెట్టుకొమ్మలు విఱిచి దారిపై గుఱుతుగా పఱచుచుండెను.

పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవలెను. అపాయమును చూచి బ్రేకు నొక్కుటకు మనుష్యునకు ఒక సెకను పట్టుననుకొందము. తడిదారిపై వేగము సెకను సెకనునకు 4 మీటర్ల చొప్పున తగ్గుననుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున, ఆ సెకనులో 17 మీటర్లును, పిమ్మట 35 మీటర్లును, మొత్తము 52 మీటర్లు పోయి బండి నిలుచును. 80 వేగమున 22ను 62ను కలిసి 84 మీటర్లగును. 100 వేగమున 28ను 96ను కలిసి 124 మీటర్లగును. మాకు దొరికిన దూరము 70. తక్కినది మీరే గ్రహింపగలరు. ఇంత చిన్న లెక్కలో మా మువ్వుర ప్రాణములు నిలిచియుండెను.

సరకు సంగతియు కొంత చెప్పవలెను. పనిముట్ల పెట్టెలను తొట్టిలో గదివైపునకు చేర్చి, మోకులతో బిగించి, పైన టార్పాలిను కప్పితిమి. బరువు తొట్టి చివర నుంచినయెడల ముందు చక్రములు తేలికపడి స్టీరింగు పట్టు తప్పును. కట్టని వస్తువు బ్రేకు వేసినపుడు ఎగిరి పడును. మన పల్లెలలో పెండ్లిండ్లకును తిరునాళ్లకును మనుష్యులను, పసిపిల్లలను సైతము, ఇట్టి తొట్టిలో నిలువబెట్టి కొనిపోవుట చూచుచున్నాము. అచ్చట ఆసనము లేదు, పట్టీ లేదు. కట్టని పెట్టెకు పట్టు గతియే వారికిని పట్టును. తలిదండ్రులు దయచేసి దీనిని మాన్పింపవలెనని కోరుచున్నాము.

సాయంకాలము 4 గంటలకు అనకాపల్లి చేరి ఆ రాత్రి అచ్చటనే యుంటిమి. కొంచెము వెలుతురున్నది గనుక చోడవరము మీదుగా ఘాటు ఎక్కుదమని తమ్ముడనెను. “ఈ దినమున నేర్చుకొన్నది చాలదా, నాయనా?” అని మా తల్లిగారనిరి. అతడు మాఱుపలుకలేదు. పడుకొనబోవునపుడామె మా తండ్రిగారి మాట యెత్తిరి. ఆయన ఎడ్లబండి కట్టునపుడు, ఎంత తొందరయైనను, ముందు చక్రములచుట్టు తిరిగి సీలలను తట్టి చూచి, పిమ్మటనే కాడి ఎత్తెడివారట. “బండి మాఱినది గాని చక్రము మాఱలేదు” అని ఆమె చెప్పి నిద్రపోయిరి.

మఱునాడు తెల్లవాఱుజామున మేము లేచి చూడగా తమ్ముడు బండిచుట్టు తిరుగుచుండెను. ముందునాడు రాజమహేంద్రవరమున కొన్న గాలి కొలత అతని చేతిలో నుండెను. నాలుగు టైర్లను కొలిచి, అదనపు టైరును గూడ కొలిచి, అంకెలను చిన్న పుస్తకములో వ్రాసికొనెను. ఆ పుస్తకము ఇప్పటికిని అతని బండిలో నున్నది. ఏ ఉదయముననైనను అంకెలు వ్రాయనిదే అతడు తాళము త్రిప్పడు.