ఎందరిలో ఎందరు?

2020వ సంవత్సరము ఫాల్గుణ మాసమునాటి మాట. కోడిమాంసము తినినవారికి కరోనా వచ్చునను వదంతి చేతిఫోనుల వెంట ఊరూర వ్యాపించెను. అనపర్తి, తణుకు ప్రాంతములలో కోళ్లపెంపకమే జీవనాధారమైన కుటుంబములు పెక్కు గలవు. కొనువారు లేక కోడిధర పడిపోయెను. అప్పుచేసి కోళ్లను పెంచిన రైతులు దిగాలుపడిరి. కోడిని తినుటవలన ఆ వ్యాధి వచ్చిన మనిషి ఎక్కడనైన ఒక్కడున్నాడా అని అడిగినవారు మాత్రము అరుదు.

అది వట్టి మాట గనుక దాని దొంగతనము పట్టుకొనుట కొంత సులభము. అంకెలను వెంటబెట్టుకొని వచ్చు మాట అట్టిది కాదు. అంకె నిజమైనదే యుండును. దానినుండి మనము తీసిన అర్థము తప్పై యుండును.

ఆ యేడు శ్రావణమాసములో పొరుగింటి రైతు వార్తాపత్రిక చేతబట్టుకొని మా అరుగుమీదికి వచ్చెను.

“మేష్టారండీ, చూశారా? రాష్ట్రం మొత్తంమీద మన జిల్లాయే మొదటిదటండీ! మన గోదావరి గాలిలోనే ఏదో ఉందంటున్నారు.”

పత్రికలోని వార్త అబద్ధము కాదు. ఆ దినములలో రోగుల సంఖ్యలో తూర్పుగోదావరియే ప్రథమము. నేను ఆయనను ఒక్క ప్రశ్న అడిగితిని: “ఎందరిలో ఎందరయ్యా?”

2011 జనాభా లెక్కల ప్రకారము, నాటి ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా జనసంఖ్య 51,54,296. అప్పటి పదుమూడు జిల్లాలలో అదియే పెద్దది. విజయనగరము జిల్లా జనసంఖ్య 23,44,474. రెండుచోట్లను వ్యాధి సరిసమానముగా వ్యాపించినను, మన జిల్లాలో రోగులు అక్కడికంటె రెండింతలకు పైగా తేలవలెను గదా! ఐదువందల చెట్లున్న తోటలో, రెండువందల చెట్లున్న తోటకంటె ఎక్కువ కాయలు రాలినంతమాత్రమున ఆ తోటకు తెగులు పట్టినదని కోనసీమలో ఎవరును అనరు. లక్షమందికి ఎందరని లెక్కగట్టి పోల్చవలెను. ఎక్కడ ఎన్ని పరీక్షలు చేసిరో చూడవలెను. అట్లు లెక్కించినను మన జిల్లాలో వ్యాధి తక్కువేమియు కాదు. కాని అది గాలిని నిందించుటకు చాలిన సాక్ష్యము కాదు.

ఆ ఆగస్టు నెలలోనే రాష్ట్ర ప్రభుత్వము మన జిల్లాతో గూడ నాలుగు జిల్లాలలో కొంతమందిని ఎన్నుకొని రక్తపరీక్షలు చేయించెను. వ్యాధి సోకి తగ్గినవారి రక్తములో దానిని ఎదిరించిన ప్రతిరక్షకములు కొంతకాలము నిలిచియుండును. తూర్పుగోదావరిలో పరీక్షింపబడినవారిలో నూటికి 14 మందికి పైగా అవి కనబడెను. ఈ లెక్కను జిల్లా యంతటికి వర్తింపజేసినచో ఏడు లక్షలు దాటును. అప్పటికి ప్రభుత్వపు లెక్కకెక్కిన రోగులు అరలక్షకు లోపే! మనము దినదినము పత్రికలో చూచినది వ్యాధి సోకినవారి సంఖ్య కాదు. పరీక్షకు చిక్కినవారి సంఖ్య.

దీనివలన మరణముల లెక్కయు మారును. నూరుగురు మరణించిరనుకొనుడు. పదివేలమంది రోగులలో ననినచో నూటికొకరు. లక్షమందిలో ననినచో వేయికొకరు. చనిపోయినవారు ఆ నూరుగురే. భిన్నములో క్రింది అంకె ఒక్కటియే మారినది. అయితే ఇంటివద్ద చనిపోయి లెక్కకెక్కనివారును ఉండవచ్చును. కనుక పై అంకెను గూడ నమ్మి ఊరకుండరాదు.

ఇంతలో ఏలూరులో మరియొక విపత్తు వచ్చిపడెను. 2020 డిసెంబరు 5వ తేదీన ఆ పట్టణములో కొందరు ఉన్నట్టుండి మూర్ఛపోయిరి. నోట నురుగు, కొన్ని నిమిషములు మతి తప్పుట, వాంతులు, తలనొప్పి. బడికి పోవు పిల్లలనుండి ముసలివారివరకు ప్రభుత్వ ఆసుపత్రికి వరుసగా వచ్చిరి. కొద్ది దినములలో వారి సంఖ్య ఆరువందలు దాటెను. మరణము కూడ సంభవించెను. కాని ఎక్కువమంది త్వరలోనే తేరుకొని ఇండ్లకు పోయిరి.

కరోనాయే రూపు మార్చుకొని వచ్చినదని కొందరనిరి. పరీక్షింపగా రోగులకు కరోనా లేదని తేలెను. వీధులలో చల్లిన బ్లీచింగు పొడివలన వచ్చినదని కొందరు, త్రాగునీరు చెడినదని మరికొందరు అనిరి. నీటిమీద అనుమానము సహజమే. కాని నగరపాలక సంస్థ నీరు త్రాగనివారును జబ్బుపడిరి. అప్పుడు ఢిల్లీలోని అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థ రోగుల నమూనాలలో సీసము, నికెలు కనబడినవని తెలిపెను. ఇంకేమి, కారణము దొరికినదని పలువురు సంతోషించిరి.

ఇక్కడనే కొంచెము ఆగవలెను. రోగి రక్తములో సీసము కనబడినది, సరియే. జబ్బుపడని పొరుగువాని రక్తములో ఎంత యున్నది? ఇద్దరిలోను సమానముగా నున్నచో ఆ సీసము నేరస్థుడు కాదు. అక్కడ ఉండుట తటస్థించిన బాటసారి. మరియు సీసము సాధారణముగా శరీరములో మెల్లగా చేరి మెల్లగా పోవునది. గంటలలో తేరుకొన్న రోగులు ఆ లక్షణమునకు సరిపడరు.

జబ్బుపడనివారిని గూడ లెక్కించుట ఎంత అవసరమో 1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు చూపెను. బ్రాడ్ వీధి పంపు పరిసరములలో కలరా వలన వందలకొలది జనులు మరణించిరి. ఆయన చచ్చినవారి ఇండ్లను మాత్రమే లెక్కించి ఊరకుండలేదు. దగ్గరలోనే బీదలకు ఆశ్రయమిచ్చు గృహమొకటి యుండెను. అందున్న 535 మందిలో కలరావలన మరణించినవారు ఐదుగురే. గాలివలన కలరా వచ్చునని ఆనాటి పెద్దల నమ్మకము. గాలి అందరికిని ఒక్కటే గదా! విచారింపగా ఆ గృహమువారికి వేరే బావి యున్నదని తెలిసెను. స్నో అనుమానము పంపునీటిమీద గట్టిపడెను.

ఏలూరునకు కేంద్రసంస్థల నిపుణులు పలువురు వచ్చి నీరు, పాలు, కూరగాయలు, రక్తము పరీక్షించిరి. డిసెంబరు 16వ తేదీనాటికి, పురుగుమందుల అవశేషములే ప్రధానకారణమై యుండవచ్చునని వైద్య విజ్ఞాన సంస్థయు, జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థయు అభిప్రాయపడెను. అవి ఏ మార్గమున శరీరములలో ప్రవేశించినవో తెలియుటకు దీర్ఘకాలపు పరిశోధన కావలెనని చెప్పిరి.

ఆ వార్త వచ్చిననాడు పొరుగింటి రైతు మరల మా అరుగుమీదికి వచ్చెను. ఈసారి పత్రికను మడిచి ప్రక్కన పెట్టెను.

“ఏ మందండీ? మేం చేలో కొట్టేదేనా?”

“కావచ్చునయ్యా. ‘ప్రధానకారణమై యుండవచ్చు’ననిరే గాని, ఏ చేనిదో, ఏ దారిని వచ్చినదో చెప్పలేదు.”

“మరి తేలేదాకా మనం ఏం చెయ్యాలండీ?”

మందు కొట్టిన తరువాత ఎన్ని దినములకు కూర కోయవలెనో డబ్బామీద వ్రాసియుండును. అది చదువుమని చెప్పితిని. మరునాడు ఆయన డబ్బా పట్టుకొని వచ్చెను. అక్షరములు మిక్కిలి చిన్నవి. నా కళ్లజోడు ఆయనకు, ఆయన కొడుకు పుస్తకాల సంచిలోని భూతద్దము నాకు అవసరమయ్యెను.