పేరొక్కటి, ప్రాణులు రెండు

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పందికొక్కు నెఱుగనివారు లేరు. వేరుసెనగ చేలగట్లలో బొరియలు త్రవ్వి కాయలను చేరవేయునది అదియే. ఇంటి పునాదులను గుల్లచేయునదియు అదియే. కావున దానికి మందుపెట్టుటకు రైతు సంకోచింపడు.

ఇప్పుడు తెలుగువారనేకులు చదువులకును ఉద్యోగములకును ఆస్ట్రేలియాకు పోవుచున్నారు. వారిలో నొకరు సిడ్నీ ఉత్తరభాగమునగాని, పెర్తు నగరపు శివారునగాని కాపురముండిరనుకొనుడు. ఒక యుదయమున పెరటి పచ్చికలో గరాటువంటి చిన్నగుంటలు కానవచ్చును. రాత్రి దీపముతో చూచినచో, పొడవైన మూతియు వంగిన వీపునుగల చిన్న జంతువొకటి ముక్కుతో నేలను వెదకుచుండును. అదేమని పొరుగువారి నడిగిన, 'బాండికూట్' అని చెప్పుదురు.

ఈ పేరు మన తెలుగుమాటయే. 'పందివంటి ఎలుక' యను నర్థముగల పందికొక్కును మన దేశమందలి ఆంగ్లేయులు బాండికూట్ అని పలికిరి. 1788లో సిడ్నీయొద్ద ఆంగ్లేయుల వలస యేర్పడిన తరువాత, అచ్చటి క్రొత్తజంతువునకు పోలికనుబట్టి ఆ పేరే పెట్టిరి. పేరు కలిసెను గాని వంశము కలియలేదు.

మన పందికొక్కు ఎలుకజాతిది. దాని ముందుపండ్లు నిరంతరము పెరుగుచుండును. కొఱుకుటయే దాని స్వభావము. ఆస్ట్రేలియా బాండికూట్ కంగారువలె సంచిజంతువు. పిల్ల గర్భమున నుండునది పండ్రెండు పదుమూడు దినములే. పిమ్మట తల్లి సంచిలో పెరుగును. ఆ సంచి వెనుకవైపునకు తెరచియుండుటచే, తల్లి నేల త్రవ్వునపుడు మన్ను పిల్లలపై పడదు. పురుగులు, వాని డింభకములు, నేలలోని శిలీంధ్రములు దాని ముఖ్యాహారము. అది త్రవ్విన గుంటలలో వాననీరింకి నేల గుల్లబారును. పెర్తు ప్రాంతపు బాండికూట్ ఒక్కటి సంవత్సరమునకు సుమారు 4 టన్నుల మట్టిని తిరుగవేయునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

ఈ భేద మెఱుగక, పేరునుమాత్రము నమ్మి ఎలుకలమందు పెట్టినవాడు తనకు కీడుచేయని ప్రాణిని చంపినవాడగును. ఆ దేశపు చట్టమునకును అపరాధి యగును. నక్కలవలనను పిల్లులవలనను, అడవుల నరకుటవలనను ఆ జాతులిదివరకే క్షీణించినవి. 'పందికాళ్ల బాండికూట్' అనునది పూర్తిగా నశించినది. ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని గోధుమవన్నె బాండికూట్ 2001లో అపాయస్థితిలోని జంతువుల పట్టికలో చేర్చబడినది.

అట్టివారు చేయవలసినది స్వల్పమే. దానిని తాకరాదు, విషము పెట్టరాదు. రాత్రులందు కుక్కను, పిల్లిని ఇంటిలో నుంచవలెను. లేతమొక్కలకు తీగెవల చుట్టవలెను. గుంటలను మరల పూడ్చిన చాలును.

పరదేశముననేగాని స్వదేశముననేగాని, ఎఱుగని జంతువు పెరటిలో కానవచ్చినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: దాని పండ్లెట్టివి? ఆహారమేది? పిల్లల నెట్లు పెంచును? ఈ మూటికిని ఉత్తరము దొరకువరకు కఱ్ఱ యెత్తకుడు.