నల్లమల చెంచులు: ఒక నది, రెండు చట్టాలు

మన ప్రాంత చరిత్ర అనగానే అమరావతి స్తూపం, కొండవీటి రెడ్లు, పలనాటి యుద్ధం గుర్తుకొస్తాయి. నల్లరేగడి నేల, పత్తి, మిరప, సాగరు కాలువ, వీటి చుట్టూనే మన కథంతా తిరుగుతుంది. పడమటికి పోయి మాచెర్ల, యర్రగొండపాలెం, దోర్నాల దాటి అడవి మొదలయ్యే సరికి పుస్తకంలో చరిత్ర కూడా అక్కడే ఆగిపోతుంది. అడవిలో జనం లేరా అంటే, ఉన్నారు. మనకంటే ముందునుంచీ ఉన్నారు. వారే చెంచులు.

చెంచులంటే మనకు పరాయివారు కారు. అహోబిల నరసింహస్వామి పెండ్లాడిన చెంచులక్ష్మి వారి ఆడపడుచు. శ్రీశైల మల్లికార్జునుణ్ణి వారు చెంచు మల్లయ్య అంటారు, అల్లుడనీ అంటారు. 1958లో చెంచులక్ష్మి సినిమా చూసి ఆనందించని తెలుగువారు అరుదు. దేవుణ్ణి అల్లుణ్ణి చేసుకున్న జనానికి ఆ అడవిపై హక్కు ఏమిటి, ఆ హక్కు ఏ కాగితంలో ఉంది అని మాత్రం మనం ఎన్నడూ అడగలేదు. చరిత్ర విద్యార్థిగా నేను ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాను.

వారి ఏలుబడి

స్వపరిపాలన అంటే అసెంబ్లీ, సెక్రటేరియట్ ఉండాలని మనం అనుకుంటాం. చెంచులకు అవేవీ లేవు. ఐనా వారికి ఒక ఏలుబడి ఉంది. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త కృష్ణకు ఆవలి ఒడ్డున అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసి, 1943లో వారిపై పుస్తకం ప్రచురించాడు. ఆయన గమనించిన ముఖ్య విషయం ఏమంటే, చెంచులు అడవిలో దారీతెన్నూ లేకుండా తిరిగేవారు కారు. ఒక్కో గుంపుకు ఒక్కో అడవి భాగం ఉంది. వాగు, గుట్ట, లోయ దానికి హద్దులు. ఆ హద్దుల్లో గడ్డలు తవ్వుకోవడం, ఇప్పపువ్వు ఏరుకోవడం, తేనె తీసుకోవడం, వేటాడడం ఆ గుంపువారి హక్కు. పెళ్ళి చేసుకున్నవాడు భార్య తరఫు గుంపులో చేరి బతకవచ్చు. తగవులొస్తే పెద్దమనిషి నలుగురినీ కూర్చోబెట్టి తీరుస్తాడు. తీరకపోతే ఒకరు లేచి చుట్టాలున్న ఇంకో గూడేనికి వెళ్ళిపోతారు. జైలు లేదు, జరిమానా పుస్తకం లేదు. కాని హద్దు ఉంది, హక్కు ఉంది, తీర్పు ఉంది. పరిపాలన అనడానికి ఇంతకంటే ఏం కావాలండీ?

శ్రీశైలం దారిలో యాత్రికులకు కాపలా కాసి, ప్రతిఫలంగా వారి దగ్గర కొంత రుసుము పుచ్చుకోవడం చెంచుల పాత హక్కు. అంటే బయటి లోకం కూడా ఒకప్పుడు ఆ అడవిదారుల మీద వారి అధికారాన్ని ఒప్పుకున్నదన్నమాట.

వారిని అడగని ఒప్పందాలు

ఇక ఒప్పందాల సంగతి. గుంటూరు సర్కారు 1788లో నిజాం చేతినుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1800 అక్టోబరు 12న నిజాం, కంపెనీ చేసుకున్న ఒప్పందంతో కంభం ప్రాంతం సహా దత్త మండలాలు కంపెనీకి దఖలు పడ్డాయి. 1801లో కర్నాటక నవాబు దగ్గరనుండి పలనాడు, ఒంగోలు ప్రాంతాలు వచ్చాయి. ఇలా పన్నెండు పదమూడేళ్ళలో కృష్ణకు దక్షిణాన ఉన్న నేలలో చాలా భాగం కంపెనీదైంది. నదికి ఉత్తరాన నిజాం మిగిలాడు.

ఈ కాగితాలపై నవాబుల ముద్రలున్నాయి, గవర్నర్ల సంతకాలున్నాయి. ఒక్క చెంచు వేలిముద్ర కూడా లేదు. వారి అడవి చేతులు మారిన సంగతి వారికి చెప్పినవారే లేరు. ఐతే ఆ రోజు గీసిన గీత మాత్రం వారి నెత్తిన పడింది. నదికి ఇటూ అటూ ఒకే ఇంటిపేర్లవారు, వియ్యమందుకున్న వారు. ఇటువారు మద్రాసు ప్రెసిడెన్సీ, అటువారు నిజాం రాజ్యం.

తరువాత 1882 మద్రాసు అడవి చట్టం వచ్చింది. రిజర్వు అడవిగా ప్రకటించేముందు, హక్కులున్నవారు వచ్చి చెప్పుకోండి అని గడువు పెట్టేవారు. గడువులోగా చెప్పుకోని హక్కు పోయినట్టే. చదువు రాని, కచేరీ ఎక్కడుందో తెలియని గూడెంవారు ఎలా చెప్పుకుంటారు? అలా అడవి సర్కారుదైంది, అడవిలో వారు సర్కారు దయమీద ఉండేవారైనారు.

అడవి చట్టం దెబ్బ మైదానం రైతు కూడా రుచి చూశాడు. పశువులను అడవిలో మేపితే కట్టాల్సిన పుల్లరికి వ్యతిరేకంగా పలనాడు లేచింది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు నేలకొరిగాడు. మేత పన్నుకే మనం అంత తల్లడిల్లాం. ఇల్లు, తిండి, దేవుడు అన్నీ అడవే ఐనవారి మాట ఏమిటి?

ఒక నది, రెండు చట్టాలు

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఐదవ షెడ్యూలు తెచ్చింది. గిరిజనులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను రాష్ట్రపతి షెడ్యూల్డు ప్రాంతాలుగా ప్రకటిస్తారు. అక్కడ మామూలు చట్టాలను ఆపడానికి, భూమి అన్యాక్రాంతం కాకుండా రెగ్యులేషన్లు చేయడానికి గవర్నరుకు అధికారం ఉంది. మనం 1/70 అని పిలిచే భూబదలాయింపు చట్టం ఈ అధికారంతో వచ్చిందే. 1997 జూలైలో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు కూడా ఆ చట్టం మీదనే నిలిచింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు పెద్దపీట వేసింది.

మరి చెంచులకు ఏం దక్కింది? 1950లో వెలువడిన ఉత్తర్వుల్లో హైదరాబాద్ రాష్ట్రం తరఫున మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలో చేరాయి. మద్రాసు తరఫున మాత్రం విశాఖ, గోదావరి జిల్లాల ఏజెన్సీ చేరింది. నల్లమలకు దక్షిణపు భాగం చేరలేదు. అందువల్ల కర్నూలు, ప్రకాశం, గుంటూరు వైపు చెంచులకు ఐదవ షెడ్యూలు లేదు, 1/70 లేదు, పెసా లేదు. 1800లో వారినడగకుండా గీసిన గీతే 1950లో మళ్ళీ గీసినట్టయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నదికి రెండు ఒడ్డులూ ఒకే రాష్ట్రంలోకి వచ్చినా ఈ తేడా పోలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయి కృష్ణ తిరిగి అక్కడ సరిహద్దైంది.

ఎందుకు చేర్చలేదయ్యా అంటే, షెడ్యూల్డు ప్రాంతానికి కొన్ని కొలతలు చెబుతారు. గిరిజనుల సంఖ్య ఎక్కువగా ఉండాలి, ప్రాంతం ఒక్క ముక్కగా ఉండాలి, తగినంత విస్తీర్ణం ఉండాలి. ఇటువైపు చెంచు గూడేలు చిన్నవి, చెదురుమదురుగా ఉన్నవి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తంమీద చెంచులు 64 వేల పైచిలుకు మాత్రమే. కొద్దిమంది కాబట్టి రక్షణ కావాలని మనం అనుకుంటాం. కొద్దిమంది కాబట్టే వీలుకాదని కొలత చెబుతుంది.

సంక్షేమం అసలు జరగలేదని నేననడం లేదు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి తేనె, తపసి బంక, కుంకుళ్ళు కొనసాగింది. కేంద్రం చెంచులను అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల్లో చేర్చింది. శ్రీశైలం కేంద్రంగా చెంచుల కోసమే ఐ.టి.డి.ఎ. వచ్చింది. 2023 నవంబరులో పి.ఎం. జన్‌మన్ పథకం మొదలైంది. ఇవన్నీ కావలసినవే. కాని పథకం వేరు, పరిపాలన వేరు. పథకంలో చెంచు పుచ్చుకునేవాడు. పరిపాలనలో నిర్ణయించేవాడు.

సంతకం పెట్టిన జనం

ఇక్కడ దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పుకోవాలి. కెనడాకు ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కప్పిన అడవుల్లో దెనె అనే ఆదివాసి జాతులున్నాయి. వేట, చేపలు వారి బతుకు. 1899లో ఎనిమిదవ ఒప్పందం, 1921లో పదకొండవ ఒప్పందం పేరిట కెనడా ప్రభుత్వం వారితో సంతకాలు చేయించుకుంది. భూమి మాకు వదులుకున్నారని ప్రభుత్వం చెప్పింది. అది స్నేహానికి పెట్టిన గుర్తేగాని భూమి అమ్మకం కాదని పెద్దలు చెప్పారు. 1973లో మారో అనే జడ్జి గూడేలకు పోయి బతికున్న వృద్ధుల సాక్ష్యం స్వయంగా విన్నాడు. దెనె ప్రజలకు భూమిపై హక్కు ఇంకా ఉన్నదని అభిప్రాయపడ్డాడు. పై కోర్టుల్లో ఆ కేసు సాంకేతిక కారణంతో నిలవలేదు. ఐనా చర్చల తలుపు తెరుచుకుంది.

వారిలో త్లిచో అనే జాతి 2003లో కొత్త ఒప్పందం చేసుకుంది, అది 2005 ఆగస్టు 4న అమలులోకి వచ్చింది. సుమారు 39 వేల చదరపు కిలోమీటర్ల నేల వారిదైంది. మన పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపినా 29 వేలే! ఉన్నది నాలుగే ఊళ్ళు, కొద్ది వేల జనం. వారే ఎన్నుకున్న ప్రభుత్వం, భూమి, భాష, చదువులపై వారి చట్టాలు. కొద్దిమంది కాబట్టి వీలుకాదనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఐతే ఒక తేడా మరువరాదు. 1921 నాటి కాగితం ఎంత మోసంగా ఉన్నా, ఎదుటివారు ఒక జనం అని అది ఒప్పుకుంది. తప్పు జరిగిందని నిలదీయడానికి దెనె మనుమలకు ఒక కాగితం దొరికింది. చెంచు మనుమలకు అలాంటిది లేదు.

ఇప్పుడున్న కాగితం

లేదని నిట్టూర్చి ఊరుకోనక్కర్లేదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. ఇది షెడ్యూల్డు ప్రాంతమా కాదా అని చూడదు. యర్రగొండపాలెం, దోర్నాల చెంచులకూ వర్తిస్తుంది. సాగు భూమి పట్టాతో పాటు అడవి ఫలసాయంపైన యాజమాన్యం, గూడెం అడవిని కాపాడుకునే సామూహిక హక్కు ఇందులో ఉన్నాయి. అన్నిటికీ మించి, చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు అనే ప్రత్యేక హక్కు ఉంది. ఇల్లు, గుడిసె కాదు, తరతరాలుగా బతికిన అడవి భాగమంతా వారి ఆవాసమే. హైమన్‌డార్ఫ్ చూసిన ఆ వాగులు, గుట్టల హద్దులను చట్టం ఇన్నాళ్ళకు గుర్తుపట్టిందన్నమాట. మధ్యప్రదేశ్‌లో దిండోరి జిల్లా బైగాలు దీన్ని సాధించి చూపారు కూడా.

ఈ చట్టంలో హక్కును మొదట విచారించి తీర్మానించేది గ్రామసభ. పెద్ద పంచాయతీలో ఓ మూలనున్న గూడెం మాట గ్రామసభలో మునిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే 2012 సవరణ నిబంధనలు రికార్డులకెక్కని గూడేలను కూడా జాబితా వేయమన్నాయి. 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చిన ఈ అడవినుండి గూడేన్ని కదిలించాలన్నా, 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం విషయమంతా తెలిపి గ్రామసభ సమ్మతి పొందాలి. ఐదవ షెడ్యూలు తలుపు కూడా మూసుకుపోలేదు. గవర్నరుతో సంప్రదించి షెడ్యూల్డు ప్రాంతాన్ని పెంచే అధికారం రాష్ట్రపతికి ఆ షెడ్యూలులోనే ఉంది.

మనం ఏం చేయగలమని అడుగుతారేమో. వారిని ఉద్ధరించబోయే పని మనది కాదు. ఐతే రెవెన్యూ రికార్డు చదవడం, పటం గీయడం, అర్జీ రాయడం మన చదువు నేర్పిన పనులు. గూడెం పెద్దలు హద్దులు చెబుతుంటే వాటిని కాగితం మీద పెట్టడం ఒక చరిత్ర విద్యార్థి చేయదగిన పని. ఈ కళాశాలలో చదివినవారు తహసీల్దార్లైనారు, వకీళ్ళైనారు, అటవీ అధికారులైనారు. రేపు ఇంకా అవుతారు. బల్లమీదికి చెంచు గూడెం దరఖాస్తు వచ్చిన రోజున, అది దయ కోరే అర్జీ కాదని, రెండు వందల ఏళ్ళనాడు వారినడగకుండా చేసిన సంతకాలకు ఆలస్యంగా వచ్చిన జవాబని వారికి తెలియాలి. అంతమాత్రం తెలిసినా ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్టే.