మిరపతోట – ఆకులకు ఆహారము

వేరు నేలనుండి నీటిని, సారమును గ్రహించును. ఆకు సూర్యరశ్మి సాహాయ్యమున ఆహారమును తయారు చేయును. ఇది మీరు క్రింది తరగతులలో చదివిన విషయమే. అట్లయినచో మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులు మిరపమొక్కల ఆకులపై పోషకద్రవములను చల్లుట ఎందులకు? ఆకునకు కూడ సారమును లోనికి గ్రహించు శక్తి కలదా? కలదేని, అది ఎంతమాత్రము? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్న రైతునకు ఎప్పుడు చల్లవలయునో, ఎప్పుడు చల్లక యుండవలయునో తెలియును. రెండవది మొదటిదానికంటె తక్కువ విద్య కాదు. దానివలననే ధనవ్యయము తగ్గును.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగమున నున్న ఈ మూడు పట్టణములును మెట్టసీమకు చెందినవి. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున కలదు. కుప్పము తమిళ, కన్నడ సీమల సరిహద్దులను తాకుచున్నది. ఇచ్చట జీవనదులు లేవు. చెరువులు, బావులు, గొట్టపుబావులే రైతునకు ఆధారములు. నేలలలో ఎక్కువ భాగము ఎఱ్ఱనివి, తేలికయైనవి. టమాటా పంటకు ఈ సీమ పేరు గాంచినది. ఆ టమాటాకును, వంగకును, బంగాళాదుంపకును చుట్టమైన మిరప కూడ ఇచ్చటి తోటలలో కానవచ్చును.

మిరప మొదటినుండియు మన దేశపు మొక్క కాదు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. వాస్కో డ గామా 1498లో కళ్ళికోటకు వచ్చిన పిమ్మట పోర్చుగీసువారి ఓడలవెంట అది మన తీరమును చేరినది. అంతకు పూర్వము మన వంటలకు కారము నిచ్చినవి మిరియములు. పరదేశమునుండి వచ్చినను, నేడు మిరపకాయ లేని తెలుగువారి వంటయిల్లు లేదు.

ఇక ప్రస్తుతాంశమునకు వత్తము. నేలయందు సారము ఎంత యున్నను, అది నీటిలో కరగిననే వేరు దానిని పీల్చుకొనగలదు. వాన ముఖము చాటుచేసి నేల ఎండినప్పుడు, వేసిన ఎరువు వేరు ప్రక్కనే యున్నను మొక్క ఆకలితో నుండును. ఎడతెగని వానలకు నీరు నిలిచినప్పుడు వేళ్ళకు గాలి యాడదు. అప్పుడును అవి సారమును గ్రహింపజాలవు. సున్నపుపాలు హెచ్చుగా నున్న నేలలలో ఇనుము, జింకు ఉండియు కరగని రూపమున బిగిసిపోవును. ధాన్యము గాదెలో నున్నది, గాదెకు తాళము పడినది అన్నట్లుండును మొక్క స్థితి. ఇట్టి సమయములలో ఆకుద్వారా కొంత ఆహారము నందించుటను పత్రపోషణ మందురు.

ఈ విద్య క్రొత్తది కాదు. 1840 తరువాత కొలదికాలమునకే ఫ్రాన్సు దేశమున యూసెబ్ గ్రీ అను శాస్త్రజ్ఞుడు పాలిపోయిన ఆకులకు ఇనుపలవణపు నీటిని పూసి, అవి మరల పచ్చబడుటను గమనించెను. 1916 ప్రాంతమున హవాయి దీవులలో అనాసతోటలు పసుపువన్నెకు తిరిగినప్పుడు ఇనుపలవణమును చల్లి వానిని బాగుచేసిరి. ఐనను లవణము నిజముగా ఆకులోనికి పోవుచున్నదా యను సందేహము చాలకాలము నిలిచియుండెను. 1950ల తొలినాళ్ళలో అమెరికాలోని మిచిగాన్ నందు ట్యూకీ, విట్వర్ అను శాస్త్రజ్ఞులు ఈ సందేహమును తీర్చిరి. వారు కిరణములను వెదజల్లు భాస్వరమును ఆకులకు పూసి, ఆ కిరణములను కనిపెట్టు పరికరముతో మొక్క నంతటిని పరీక్షించిరి. ఆకుపై పూసిన భాస్వరము కాండమునను, వేరునను కూడ కానవచ్చినది. ఆకు గ్రహించుననుటకు అంతకంటె వేఱు సాక్ష్యము ఏల?

అయితే ఆకు తలుపులు తెఱచిన ఇల్లు వంటిది కాదు. దానిపై మైనము వంటి పలుచని పొర యొకటి కలదు. మొక్కలోని నీరు ఆవిరియై పోకుండ కాపాడునది అదియే. బయటినుండి నీటిని లోనికి రానీయనిదియు అదియే. చేమయాకుపై నీరు పోసి చూడుడు. ముత్యమువలె దొర్లిపోవునేగాని అంటుకొనదు. ఆ నీటిలో సబ్బు కొంచెము కలిపినచో బిందువు పరచుకొనును. ఈ కారణముచేతనే రైతులు పోషకద్రవమున అంటుకొను పదార్థము నొకింత చేర్చుదురు. పరచుకొన్న ద్రవము ఆ పొరయందలి సూక్ష్మమార్గముల గుండను, కొంతవఱకు పత్రరంధ్రముల గుండను లోనికి ప్రవేశించును. మిరపాకునకు పైభాగముకంటె అడుగుభాగమున ఈ రంధ్రములు హెచ్చు. కావున అడుగుభాగము కూడ తడియునట్లు చల్లవలయును.

చల్లు వేళయు ముఖ్యమే. మిట్టమధ్యాహ్నమున చల్లినచో నీరు క్షణములో ఆవిరియగును. లవణము మాత్రము ఆకుపై నిలిచి దానిని మాడ్చును. ఉదయపు చల్లదనమునగాని, ఎండ తగ్గిన సాయంకాలమునగాని చల్లినచో ఆకు ఎక్కువసేపు తడిగా నుండి సారమును నెమ్మదిగా గ్రహించును. వెంటనే వాన కురియు సూచన యున్ననాడు చల్లుట డబ్బును కాలువలో పోయుటయే.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయము: ఏది చల్లవలయును? మొక్క మాటలాడదు, కాని దాని ఆకులు వ్రాసిన జాబు వంటివి. చదువనేర్చినవానికి ఆ జాబులో అన్నియు కలవు. నత్రజని, మెగ్నీషియము మొదలగునవి మొక్కలో సులభముగా కదలును. అవి కొఱతపడినప్పుడు మొక్క ముదురాకులనుండి వానిని తీసి లేత చిగుళ్ళకు పంపును. తల్లి తాను పస్తుండి బిడ్డకు పెట్టినట్లు, ముదురాకు తాను పాలిపోయి చిగురును బ్రతికించును. కావున ఈ లోపములు మొదట క్రిందియాకులపై కనబడును. ఇనుము, కాల్షియము, బోరాను అట్లు సులువుగా కదలవు. వాని లోపము లేతాకులపై, చిగుళ్ళపై కనబడును. క్రిందియాకు అంతయు సమముగా పసుపుబారినచో నత్రజని లోపమనియు, ఈనెలు పచ్చగానుండి నడుమభాగము పసుపుబారినచో మెగ్నీషియము లోపమనియు, లేతాకు ఈనెలు తప్ప తెల్లబారినచో ఇనుము లోపమనియు స్థూలముగా గుర్తింపవచ్చును. జింకు లోపించినచో ఆకులు చిన్నవై, ఈనెల నడుమ పసుపుబారును.

ఇచ్చట ఒక ప్రమాదము కలదు. మిరపాకు ముడుచుకొన్నంత మాత్రమున అది ఆకలివలన కాదు. తామరపురుగులు రసమును పీల్చినప్పుడు ఆకు అంచులు పైకి ముడుచుకొనును; నల్లి ఆశించినప్పుడు క్రిందికి ముడుచుకొనును. తెల్లదోమ మోసికొనివచ్చు వైరసువలనను ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారును. వీనికి పోషకద్రవము మందు కాదు. 2021లో గుంటూరు సీమలోను, తెలంగాణములోను నల్లతామరపురుగు మిరపపూతపై పడి తోటలను నాశనము చేసినది. ఇట్టి సమయమున ఆకలికి మందు వేసినవాడు రోగమును పెంచుకొన్నవాడగును. నత్రజని హెచ్చుగా చల్లినచో ఆకులు మెత్తబడి రసము పీల్చు పురుగులకు విందగును. కనుక పంపు చేతబట్టుటకు ముందు ఆకు నడుగుభాగమును త్రిప్పి చూడవలయును.

తరువాతిది కొలత. ఇందు గణితమునకు పని కలదు. ఎకరమునకు సుమారు 200 లీటర్ల ద్రవమును చల్లుదు రనుకొందము. లీటరునకు 20 గ్రాముల చొప్పున యూరియా కలిపినచో మొత్తము 4 కిలోలు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. అనగా ఒక పర్యాయము చల్లుటవలన అందునది 1.84 కిలోల నత్రజని మాత్రమే. అదియు అంతయు ఆకులోనికి పోదు. నీటివసతిగల మిరపకు ఎకరమునకు నూరు కిలోలకు పైగా నత్రజని వేయుదురు. ఆకుద్వారానే దానినంతటిని ఇయ్యదలచినచో ఏబదికి మించిన పర్యాయములు చల్లవలసియుండును! అది అసాధ్యము.

జింకు సంగతి వేఱు. లీటరునకు 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున ఎకరమునకు 400 గ్రాములు పట్టును. అందు నూటికి 21 పాళ్ళు జింకు. అనగా 84 గ్రాములు. మొక్కకు కావలసిన జింకు మిక్కిలి స్వల్పము కనుక ఈ కొలది మొత్తమే గొప్ప మేలు చేయును. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో సత్యము తేటతెల్లమగును. సూక్ష్మపోషకములకు ఆకు మంచి ద్వారము. ప్రధానాహారమునకు వేరే గతి. ఆకుపై చల్లునది నంజుడు వంటిదే కాని అన్నము కాదు.

సీసాపై వ్రాసిన మాటలను పరీక్షించుటకును ఈ గణితమే సాధనము. 2021లో మన దేశమున నానో యూరియా అను ద్రవము విక్రయమునకు వచ్చినది. తొలుత వచ్చిన 500 మిల్లీలీటర్ల సీసాలో నూటికి 4 పాళ్ళు, అనగా 20 గ్రాముల నత్రజని యుండెను. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని కలదు. ఆ సీసా ఈ బస్తాకు బదులుగా నిలుచునా యనుటలో శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయములు కలవు. అట్టి వాదము వినబడినప్పుడు విద్యావంతుడు చేయవలసిన మొదటి పని లెక్క కట్టి చూచుట.

కొలత తప్పినచో మేలు కీడగును. 16 లీటర్ల పంపునకు 32 గ్రాముల జింకు సల్ఫేటు చాలును; గుప్పెడు వేసినచో ఆకు మాడును. కాల్షియపు లవణమును సల్ఫేటుతోగాని భాస్వరముతోగాని ఒకే తొట్టిలో కలుపరాదు. కలిపినచో అవి విరిగిన పాలవలె గడ్డకట్టి అడుగున చేరి మొక్కకు దక్కవు. కలుపుమందు చల్లిన పంపును ఈ పనికి వాడుట పెద్ద తప్పు. అందు మిగిలిన కొలది మందే మిరపతోటను చెఱచును. మందులను, పంపులను పెద్దలే వాడవలయును, పిల్లలు తాకరాదు.

పుంగనూరు పేరు వినగానే పొట్టియావు జ్ఞప్తికి వచ్చును. ఆవుపేడ, గోమూత్రము, బెల్లము, పప్పుపిండి పులియబెట్టి చేయు జీవామృతమును కూడ కొందఱు రైతులు ఆకులపై చల్లుచున్నారు. 2016 నుండి రాష్ట్ర ప్రభుత్వము ప్రకృతి సేద్యమును ప్రోత్సహించుచున్నది. సీసాలోని ద్రవమైనను, ఇంటిలో చేసిన ద్రవమైనను పరీక్ష యొక్కటే. ఒకే తోటలో రెండు సాళ్ళను ఎన్నుకొనుడు. ఒకదానిపై పోషకద్రవమును, రెండవదానిపై అంతే పరిమాణమున వట్టి నీటిని పెద్దలచేత చల్లింపుడు. తక్కిన సేద్యమంతయు సమానముగా నుండవలయును. వారమునకొకసారి ఆకుల వన్నెను, నిలిచిన పూతను, కోసిన కాయల తూకమును పుస్తకమున వ్రాయుడు. రెండు సాళ్ళును ఒకే తీరున కాచినచో ఆ ద్రవమునకు పెట్టిన పైకము వృథా యని తెలియును. చల్లినసాలు మెఱుగైనచో మరుసటి పైరున ధైర్యముగా చల్లవచ్చును.

2015లో కేంద్ర ప్రభుత్వము భూసారపత్రముల పథకమును ప్రారంభించినది. మట్టిని పరీక్షించి ఏ సారము తక్కువయో ఆ పత్రమున తెలుపుదురు. కలికిరిలోని కృషి విజ్ఞాన కేంద్రము వంటి సంస్థలు రైతులకు సలహా లిచ్చును. మట్టి చెప్పినదియు, ఆకు చెప్పినదియు, లెక్క చెప్పినదియు ఒక్కటైనప్పుడు చల్లిన ద్రవము వమ్ముకాదు. మిరపపంటకు పెట్టుబడి ఎక్కువ. అప్పు తెచ్చి పెట్టువారును కలరు. అట్టి కుటుంబములో చదువుకొన్న బాలుడో బాలికయో సీసాపై వ్రాసిన దానిని చదివి, లెక్క కట్టి, ఆకును త్రిప్పి చూచి తండ్రికి చెప్పగలిగినచో, ఆ చదువు ఇంటికి అక్కరకు వచ్చినట్లే.

ప్రశ్నలు

1. నేలలో సారమున్నను మొక్క ఆకలితో నుండు సందర్భము లెవ్వి?
2. ముదురాకులపై కనబడు లోపములకును, లేతాకులపై కనబడు లోపములకును భేద మేల కలిగినది?
3. నత్రజని నంతటిని ఆకుద్వారా ఇయ్యజాలము. ఎందుచేత? లెక్కతో నిరూపింపుము.
4. రెండవ సాలుపై వట్టి నీటిని చల్లుటవలన ప్రయోజన మేమి?